ఓపీ చీటీకన్నా ముందు బిడ్డను చూడాలి

సంపాదకులకు నమస్కారాలు.

వానలు పడి జ్వరాలు మొదలయ్యాయంటే సర్కారు దవాఖానాల పిల్లల వార్డుల గురించి జిల్లా పేజీల్లో వార్తలు వస్తాయి. ఒకే మంచం మీద ఇద్దరు పిల్లలు, చాలని పడకలు, మూలనపడ్డ యంత్రాలు, ఇవన్నీ రాయవలసిన సంగతులే. పిల్లల వార్డులోను, క్యాజువాలిటీలోను ఉద్యోగమంతా చేసి ఇప్పుడు దేవరకొండలో ఉంటున్న విశ్రాంత హెడ్‌ నర్సుగా నేను అడగదలచుకున్నది మాత్రం బిడ్డ ఆ మంచం దాకా చేరకముందు జరిగేదాని గురించి. గేటు దాటి వచ్చిన బిడ్డను మొదటి రెండు మూడు నిమిషాల్లో ఎవరు చూస్తున్నారు, ఏం చూస్తున్నారు? మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిలలో 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. మా కాలంతో పోలిస్తే ఇది చిన్న మార్పు కాదు. అయినా చాలా చోట్ల జబ్బు పడ్డ బిడ్డ మొదట చేరేది ఓపీ చీటీ రాసే కిటికీ దగ్గరి వరుసలోకే.

ఆ వరుసకు ఒక న్యాయం ఉంది. గొంతు చించుకుని ఏడ్చే పిల్లవాడి తల్లిని జనమే జాలిపడి ముందుకు పంపిస్తారు, కదలక మెదలక భుజం మీద పడి ఉన్న బిడ్డ వంతు వచ్చేదాకా అక్కడే ఉంటుంది. నిజానికి గట్టిగా ఏడ్చే పిల్లవాడికి ఊపిరి ఆడుతోందని, మెదడుకు రక్తం అందుతోందని ఆ ఏడుపే చెబుతుంది. భయపడవలసింది నోరు లేని బిడ్డ గురించి. నేను పనిచేసిన ఒక దవాఖానాలో, తల్లిదండ్రులు పనికోసం పట్నం వలసపోగా, రెండేళ్ల మనవణ్ని ఎత్తుకుని ఒక నాయనమ్మ వరుసలో నిలబడింది. వెనకున్నావిడ పలకరిస్తే, "పండుకున్నడు బిడ్డా, రాతిరంతా కక్కిండు, ఇప్పుడే కన్నంటుకుంది" అంది. అటుగా స్ట్రెచర్ తోసుకుపోతున్న వార్డు బాయ్, పిల్లల వార్డులో చాలా కాలం చేసినవాడు, వేలాడుతున్న ఆ పాదాన్ని పట్టుకు చూసి, "అవ్వా, చీటీ తర్వాత, పిల్లగాన్ని నాకియ్యి" అని తీసుకుని లోపలికి పరుగెత్తుకొచ్చాడు. ఒళ్లు కాలిపోతోంది, పాదాలు మాత్రం మోకాళ్ల దాకా చల్లగా ఉన్నాయి, బొటనవేలి గోరును నొక్కి వదిలితే తెల్లబడిన చోట ఎరుపు తిరిగి రావడానికి ఐదు అంకెలు లెక్కపెట్టవలసి వచ్చింది. ఆ బాబు బతికాడు. ఆ రోజు అతన్ని కనిపెట్టింది డాక్టరూ కాదు, నర్సూ కాదు. ఏం చూడాలో తెలిసిన మనిషి ద్వారం దగ్గర ఉండటమే నేను కోరుతున్నది కూడా.

ఏం చూడాలన్నదానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎన్నో ఏళ్ల కిందటే ఈటాట్ అనే పద్ధతిని, అంటే అత్యవసరంలో ఉన్న పిల్లలను వెంటనే గుర్తించి చికిత్స మొదలుపెట్టే పద్ధతిని, సిద్ధం చేసింది. వచ్చిన పిల్లలందరినీ వెంటనే చికిత్స అందవలసినవారు, వరుసలో ముందు ఉండవలసినవారు, ఆగగలిగినవారు అని విడదీయడమే దాని సారం. ఊపిరి ఆగినా, ఆడటం కష్టమైనా, నాలుక నీలబడినా, చేతులు కాళ్లు చల్లబడి నాడి బలహీనంగా వేగంగా కొట్టుకుంటున్నా, ఫిట్స్ వస్తున్నా, స్పృహ లేకపోయినా, విరేచనాలతో కళ్లు లోతుకుపోయి మగతగా ఉన్నా ఆ బిడ్డకు చీటీతో పని లేదు, నేరుగా లోపలికి తీసుకుపోవాలి. రెండు నెలలు నిండని పసికందు, ఒళ్లు బాగా పాలిపోయిన బిడ్డ, విషం మింగిన బిడ్డ, కాలిన గాయాలున్న బిడ్డ, రెండు పాదాలూ ఉబ్బిన బిడ్డ, మరో దవాఖానా నుంచి రిఫర్ అయి వచ్చిన బిడ్డ వరుసలో ముందుండాలి. ఈ పరిశీలనకు యంత్రం అక్కర్లేదు, డాక్టరే చేయాలన్న నియమమూ లేదు, నేర్చినవారికి నిమిషం సరిపోతుంది. ఇక్కడ పెద్దల విషయంలో అలవాటైన ఒక తప్పుడు ధీమా పిల్లల దగ్గర పనికిరాదు. పిల్లల శరీరం రక్తనాళాలను బిగించి, గుండె వేగాన్ని పెంచి, చివరి ఘడియ దాకా బీపీని నిలబెట్టుకొస్తుంది. బీపీ పడిపోయిందని యంత్రం చెప్పేసరికి మన చేతిలో సమయం మిగలదు. అందుకే "బీపీ నార్మల్, కూర్చోండి" అన్న మాట పిల్లల క్యాజువాలిటీలో వినపడకూడదు.

ఊపిరి విషయం కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది ఇంట్లోనే కనిపెట్టగలిగింది. బిడ్డ తల్లి ఒడిలో ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, ఫోన్‌లో గడియారం పెట్టుకుని, పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో నిండు నిమిషం లెక్కపెట్టాలి. పదిహేను సెకన్లు లెక్కించి నాలుగుతో హెచ్చవేస్తే చంటిపిల్లల విషయంలో లెక్క తప్పుతుంది, వాళ్ల ఊపిరి ఒక తీరుగా ఉండదు. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60 లేదా అంతకు మించి, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50 లేదా అంతకు మించి, ఏడాది నుంచి ఐదేళ్ల దాకా 40 లేదా అంతకు మించి ఉంటే న్యుమోనియా అనుమానించి వెంటనే చూపించాలి. ఊపిరి పీల్చినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతుంటే, ముక్కుపుటాలు ఎగురుతుంటే, మూలుగు వినబడుతుంటే, పాలు తాగలేకపోతే రాత్రని కూడా చూడకుండా బయలుదేరాలి. మన దగ్గర దగ్గూ ఆయాసమూ అనగానే "మిషన్ పెట్టించండి" అని అడగడం అలవాటైంది. ఆ మిషన్, అంటే మందును ఆవిరిలా పీల్పించే నెబ్యులైజర్, పిల్లికూతల ఉబ్బసానికి మేలు చేస్తుంది గానీ న్యుమోనియా బిడ్డకు కావలసింది ఆక్సిజన్, సరైన యాంటీబయాటిక్. వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ చూసే పల్స్ ఆక్సీమీటర్ 90 శాతం కన్నా తక్కువ చూపితే ఆక్సిజన్ పెట్టాలి, నీలబడిన బిడ్డకైతే అంకె కోసం ఆగకూడదు. చంటిపిల్లలకు నిమిషానికి ఒకటి రెండు లీటర్లు సన్నని ముక్కు గొట్టం ద్వారా ఇస్తే చాలా సందర్భాల్లో సరిపోతుంది. అయితే పెద్దల వేలికి పెట్టే క్లిప్పును ఆరు నెలల బిడ్డ వేలికి తగిలిస్తే అది జారిపోతుంది, లేదంటే తోచిన అంకె చూపిస్తుంది. పిల్లల వేలికి సరిపోయే క్లిప్పు (ప్రోబ్), పిల్లల మాస్కు, చేత్తో నొక్కి ఊపిరి ఊదే పిల్లల అంబూ బ్యాగు ఒక పెట్టెలో పెట్టి, ఆ పెట్టెను బీరువాలో తాళం వేయకుండా క్యాజువాలిటీ బల్ల మీద ఉంచడానికి ఏ బడ్జెట్టూ అడ్డు రాదు. తాళం చెవి ఎవరి దగ్గరుందో వెతుక్కున్న రాత్రులు ప్రతి నర్సుకూ తెలుసు.

విరేచనాల బిడ్డను తీసుకొచ్చినవారు సాధారణంగా అడిగేది "గ్లూకోజు ఎక్కించండి" అని. నోటితో తాగగలిగిన బిడ్డకు సీసా ఎక్కించడం వల్ల అదనంగా ఒరిగేది లేదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థుల మధ్య కలరా ప్రబలి సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు, బొంగావ్‌లో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పూ చక్కెరా కలిపిన నీటిని నోటితో తాగించి ఎందరి ప్రాణాలనో నిలబెట్టారు. 2023లో ఆయనకు మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించారు. ఒంట్లో నీరు కొంత తగ్గిన బిడ్డకు కిలోకు 75 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటల్లో ఓఆర్‌ఎస్ తాగించాలి, అంటే ఎనిమిది కిలోల బిడ్డకు 600 మిల్లీలీటర్లు. దాన్ని చెంచాతో నిమిషానికోసారి పోయాలి, కక్కితే పది నిమిషాలు ఆగి మళ్లీ మెల్లగా మొదలుపెట్టాలి. గ్లాసుతో గటగటా తాగించి, కక్కగానే "ఇది పడట్లేదు" అని మానేయడమే ఎక్కువగా జరుగుతోంది. లీటరుకు ఒకటి కలపవలసిన ప్యాకెట్‌ను గ్లాసులో కలపడం మరో ప్రమాదం. తియ్యటి పానీయాల డబ్బాల మీద ఓఆర్‌ఎస్ అని రాసి అమ్ముతుంటే, హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడిన మీదట 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. మందుల దుకాణంలో కొనేవారు ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని ఉందో లేదో చూసుకోవాలి.

మగతగా ఉండి తాగలేని స్థితిలో ఉన్న విరేచనాల బిడ్డకు మాత్రం ఆలస్యం లేకుండా రింగర్ లాక్టేట్ అనే సెలైన్‌ను నరంలోకి ఎక్కించాలి. ఏడాది లోపు బిడ్డకు కిలోకు 30 మిల్లీలీటర్లు మొదటి గంటలో, మిగిలిన 70 తర్వాతి ఐదు గంటల్లో. ఏడాది దాటినవారికి అదే లెక్క అరగంటలో, ఆపై రెండున్నర గంటల్లో. చల్లబడిన ప్రతి బిడ్డకూ ఇదే వేగంతో ఎక్కించవచ్చా అంటే, కూడదు. కెన్యా, ఉగాండా, టాంజానియాలలో మూడు వేల మందికి పైగా పిల్లల మీద జరిగి 2011లో వెలువడిన ఫీస్ట్ అధ్యయనంలో, విరేచనాలు లేకుండా తీవ్రజ్వరంతో రక్తప్రసరణ మందగించిన పిల్లలకు ద్రవాలు వేగంగా ఎక్కించినప్పుడు 48 గంటల్లో 10 శాతానికి పైగా చనిపోగా, అలా ఎక్కించని వారిలో అది 7 శాతం పైచిలుకు ఉంది. అక్కడి పరిస్థితులు వేరు, చాలామందికి మలేరియా ఉంది, నిజమే. అయినా ఏ బిడ్డకు, ఎందుకు, ఎంత వేగంతో ఎక్కిస్తున్నామో అడుగడుగునా తిరిగి చూసుకోవాలని, పోషణ లేక చిక్కిపోయిన పిల్లల దగ్గర మరింత జాగ్రత్త కావాలని అది గట్టిగా చెప్పింది. సీసా వేలాడదీసి వెళ్లిపోవడం చికిత్స కింద లెక్కకు రాదు.

ఫిట్స్ గురించి క్లుప్తంగా చెబుతాను. ఆరు నెలలకూ ఐదేళ్లకూ మధ్య జ్వరంతో వచ్చే ఫిట్స్ చాలావరకు ఐదు నిమిషాల్లోపే తగ్గిపోతాయి. బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టి, గడియారం చూసుకుంటూ ఉండాలి. చేతిలో తాళంచెవులు పెట్టడం వల్ల నష్టం లేదు, లాభమూ లేదు, నోట్లో చెంచా పెట్టడం వల్ల పళ్లు ఊడి గొంతులో పడవచ్చు. ఐదు నిమిషాలు దాటితే ముక్కులోనో బుగ్గలోనో ఫిట్స్ ఆపే మిడజోలాం మందు వేయవచ్చు, సూది దొరికేదాకా ఆగనక్కరలేదు. ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పినా ముందు చేయవలసిన పరీక్ష రక్తంలో చక్కెర. తగ్గి ఉంటే కిలోకు 5 మిల్లీలీటర్ల చొప్పున 10 శాతం గ్లూకోజు ఇవ్వాలి. నరం దొరకని చోట చెంచా చక్కెరను రెండు చుక్కల నీటితో తడిపి నాలుక కింద పెట్టవచ్చని కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థ పుస్తకంలోనే ఉంది.

పట్నం పుస్తకాల్లో చివరి పేజీల్లో ఉండి, మన నేల మీద మొదటి పేజీకి రావలసినవి మూడున్నాయి. మొదటిది తేలు. రాళ్ల గోడలు, కట్టెల మోపులు, పిడకల గూళ్లు ఉన్న మన ఊళ్లలో ఎర్రతేలు కుట్టిన పిల్లలకు నొప్పికన్నా గుండెకు తగిలే దెబ్బే ప్రమాదం. ఒళ్లంతా చెమటలు, వాంతులు, చల్లబడే చేతులు, మగపిల్లల్లో అంగం బిగుసుకుపోవడం కనిపిస్తే, కొన్ని గంటల్లో ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం మొదలుకావచ్చు. మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1980లలో ప్రజోసిన్ అనే మాత్రతో ఈ మరణాలను ఎంతో తగ్గించి చూపారు. కిలో బరువుకు 30 మైక్రోగ్రాములు ఇచ్చి, బిడ్డను లేపి కూర్చోబెట్టకుండా పడుకోబెట్టి ఉంచాలి. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఖరీదు లేని ఆ మాత్ర మన ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ చేతికి అందేచోట ఉండాలి.

రెండోది కట్లపాము. రాత్రి నేల మీద పడుకున్న బిడ్డను కరుస్తుంది, వాపు ఉండదు, గాటు కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ లేచిన పిల్ల రెప్పలు వాలిపోతుంటే, మాట ముద్దగా వస్తుంటే, మింగలేకపోతుంటే అది గ్యాస్ నొప్పి అనుకుని సోడా తాగించే పని కాదు. తాళ్లు కట్టకుండా, కోయకుండా, కాలు కదలనివ్వకుండా తీసుకురావాలి. విషానికి విరుగుడు మందు మోతాదు పిల్లలకూ పెద్దలకూ ఒకటే, ఎందుకంటే పాము బిడ్డ బరువు చూసి విషం తగ్గించి వదలదు. కిందిస్థాయిలో కొందరు పిల్లలకని మోతాదు సగం చేస్తారు, అది పొరపాటు. ఊపిరి కండరాలు చచ్చుబడితే అంబూ బ్యాగుతో ఊపిరి ఊదుతూ తీసుకుపోతే బిడ్డ నిలుస్తుంది, దారిలో ఆ చేయి ఆగకూడదు.

మూడోది పత్తి చేలది. పురుగుల మందును కూల్‌డ్రింక్ సీసాలో పోసి గూట్లో పెట్టడం మానేదాకా ఈ కేసులు వస్తూనే ఉంటాయి. కంటిపాపలు చుక్కల్లా కుంచించుకుపోయి, నోటి నుంచి చొంగ కారుతూ, ఛాతీలో గురగుర వినిపిస్తే బట్టలు విప్పి ఒళ్లు సబ్బుతో కడగాలి, ఆలస్యం లేకుండా విరుగుడు మందు అట్రోపిన్ మొదలుపెట్టాలి. ఉప్పునీళ్లు తాగించి కక్కించడం ఇప్పటికీ చాలా ఊళ్లలో జరుగుతోంది. అది దేనికీ మంచిది కాదు, కిరోసిన్ తాగిన బిడ్డకైతే ఆ కక్కులోని చుక్కలు ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి తెస్తాయి.

డెంగీ గురించి ప్లేట్‌లెట్ల అంకె తప్ప మరేదీ అడగని తల్లిదండ్రులకు ఒక్క మాట చెప్పాలి. ప్రమాదం జ్వరం ఉన్న రోజుల్లోకన్నా, మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం దిగే సమయంలో ఎక్కువ. జ్వరం తగ్గిందన్న సంతోషంలో కడుపునొప్పినీ, ఆగని వాంతులనూ, మూత్రం తగ్గడాన్నీ, చల్లబడ్డ పాదాలనూ చూడకుండా వదిలేయకూడదు.

జ్వరం మందు గురించీ చెప్పక తప్పదు. పారాసెటమాల్ ఒక్కో మోతాదుకు కిలోకు 15 మిల్లీగ్రాములు. పది కిలోల బిడ్డకు 150 మిల్లీగ్రాములు కావాలి. ఒక మిల్లీలీటరులో 100 మిల్లీగ్రాములు ఉండే చుక్కల మందైతే ఒకటిన్నర మిల్లీలీటరు, ఐదు మిల్లీలీటర్లలో 250 ఉండే సిరప్ అయితే మూడు, ఐదింటిలో 125 ఉండేదైతే ఆరు. అన్నిటి పేరూ ఒకటే, డబ్బా రంగూ ఒకటే. చుక్కల మందును మూత నిండా పోసి తాగించి తీసుకొచ్చిన బిడ్డలను చూశాను. అందుకే ద్వారం దగ్గర బరువు తూచే యంత్రం, బరువును చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసే అలవాటు ఉండాలి. నిమెసులైడ్ అనే మరో జ్వరం మందును 12 ఏళ్లలోపు పిల్లలకు 2011లోనే నిషేధించినా ఊళ్లలో అడిగితే ఇంకా దొరుకుతోందంటే ఔషధ తనిఖీ అధికారులు జవాబు చెప్పాలి.

చందంపేట తండాల నుంచి గానీ, అమ్రాబాద్ చెంచు పెంటల నుంచి గానీ వచ్చే బిడ్డ మొదట చూసేది ఊళ్లో వైద్యం చేసే ఆర్‌ఎంపీని, తర్వాత ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని, ఆపైన ఏరియా దవాఖానాను, చివరికి నల్లగొండనో మహబూబ్‌నగర్‌నో, అక్కడా కాదంటే హైదరాబాద్‌లోని పిల్లల దవాఖానా నీలోఫర్‌ను. నల్లగొండ నుంచి నీలోఫర్ దాదాపు 100 కిలోమీటర్లు. ప్రతి మెట్టు దగ్గరా "పెద్ద దవాఖానాకు తీసుకుపోండి" అనే మాట ఒక చికిత్సలా చెలామణి అవుతోంది. పంపవద్దని నేను అనడం లేదు. పంపేముందు ఊపిరి దారి సరిచేసి, ఆక్సిజన్ పెట్టి, చక్కెర చూసి, ఫిట్స్ ఆపి, మొదటి మోతాదు యాంటీబయాటిక్ ఇచ్చి, పసికందును తల్లి ఛాతీకి ఆనించి వెచ్చగా కట్టి, చేరవలసిన చోటికి ఫోన్ చేసి పంపాలి. ఏ మందు ఎంత, ఎన్ని గంటలకు ఇచ్చారో రాయని రిఫరల్ చీటీ చేతికొస్తే అవతలి నర్సు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సు మన రాష్ట్రంలో ఎన్ని ప్రాణాలు కాపాడిందో నేను కళ్లారా చూశాను, అందుకే ఆ బండిలో పిల్లల కొలతల మాస్కులు ఉన్నాయో లేదో ప్రతి షిఫ్టులో చూసుకోవాలని అడిగే చనువు తీసుకుంటున్నాను.

సిబ్బంది లేరనే జవాబు వస్తుందని తెలుసు. లేరు, నిజమే. అయితే ఉన్న వరుసలోనే ఉన్న మనుషులతో జరిగే మార్పు ఇది. ఉదయం ఓపీ వేళల్లో ఒక నర్సో, శిక్షణ పొందిన సహాయకురాలో కిటికీ దగ్గరకు వెళ్లి వరుసలోని పిల్లలను ప్రతి పది నిమిషాలకోసారి చూసి రావడం, రాత్రి పూట ఆ పని సెక్యూరిటీ గార్డుకూ వార్డు బాయ్‌కూ నేర్పడం, నెలకోసారి బొమ్మ మీద అంబూ బ్యాగు సాధన చేయించడం ఏ కొత్త పోస్టూ అడగవు. పిల్లల జబ్బులను గుర్తించే శిక్షణ ఆశ, ఏఎన్‌ఎంలకు పేరుకు ఇప్పటికే ఉంది. ఆ పాఠాన్నే ఆర్‌ఎంపీలకు కూడా చెప్పాలంటే కొందరు డాక్టర్లకు కోపం వస్తుంది. బిడ్డను మొదట చూస్తున్నది వాళ్లేనన్న నిజం ఆ కోపంతో మారదు. స్టెరాయిడ్ సూది వేసి రెండు రోజులు ఆపకుండా, ఏ గుర్తు కనిపిస్తే వెంటనే పంపాలో వాళ్లకు తెలిస్తే సగం పని అవుతుంది.

ఈ జిల్లాల కలెక్టర్లకు, జిల్లా వైద్యాధికారులకు నా విన్నపం ఒక్కటే. ఈ వానాకాలం ముగిసేలోగా ప్రతి ఏరియా దవాఖానాలో చీటీ కిటికీ పక్కన ఒక బల్ల, బరువు యంత్రం, పిల్లల ప్రోబ్‌తో ఆక్సీమీటర్, ఆ బల్ల బాధ్యతను పేరు రాసి అప్పగించిన ఒక మనిషి ఉండేలా ఉత్తర్వు ఇవ్వండి. మీ పత్రికకు మరో విన్నపం. ఊపిరి లెక్కల అంకెలు, ఆగకుండా తీసుకురావలసిన గుర్తులు, ఓఆర్‌ఎస్ కలిపే పద్ధతి జిల్లా పేజీలో వారానికోసారి ఒక గడి కట్టి వేయండి. అంగన్‌వాడీల్లో కత్తిరించి గోడకు అతికించుకునేంత పెద్ద అక్షరాల్లో వేస్తే మరీ మంచిది.

ఇట్లు,
ఒక విశ్రాంత హెడ్‌ నర్సు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా.